తెలియనిది వేరు, తేలనిది వేరు: గణిత వాక్యాల్లో సత్యం, అసత్యం, వివృతం

పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఒడియా మీడియం బడికి, సిరోంచలోనో ధర్మాబాద్‌లోనో మరాఠీ మీడియం బడికి వెళ్లి, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడే ఆరో, ఏడో తరగతి పిల్లలకు బీజగణితం మొదలవగానే ఒక అభ్యాసం ఎదురవుతుంది: కింది వాక్యాల్లో ఏది సత్యం, ఏది అసత్యం, ఏది వివృతం? చూడటానికి చిన్న లెక్క. కానీ క + 5 = 12 ఎదురుగా చాలామంది "సత్యం" అని రాస్తారు. 387 × 46 = 17802 ఎదురుగా "వివృతం" అని రాస్తారు. ఎందుకని అడిగితే కారణమూ చెబుతారు. మొదటిదానిలో క అంటే 7 కదా, సరిపోయింది. రెండోది ఇంకా చేసి చూడలేదు, ఏమో తెలియదు.

రెండూ తప్పే. రెండు తప్పులకూ మూలం ఒక్కటే. వాక్యం గురించి అడిగితే పిల్లలు తమ గురించి చెబుతున్నారు. నాకు తెలిసిపోయింది కాబట్టి సత్యం, నాకు తెలియలేదు కాబట్టి వివృతం అనుకుంటున్నారు. ఈ మూడు పేర్లూ వాక్యానికి పెట్టేవి. మనకు తెలియకపోవడం వేరు, వాక్యమే తేలకుండా ఉండటం వేరు. 387 × 46 = 17802 అనేదాన్ని మనం గుణించినా గుణించకపోయినా అది ఇప్పటికే తేలిపోయిన వాక్యం. 387ను 40తో గుణిస్తే 15480, 6తో గుణిస్తే 2322, కలిపితే 17802. కాబట్టి సత్యం. క + 5 = 12లో మాత్రం క ఏమిటో వాక్యం చెప్పలేదు. 7 పెడితే సత్యం, 8 పెడితే అసత్యం. ఏదో ఒకటి పెట్టేదాకా దాన్ని సత్యమనీ అనలేం, అసత్యమనీ అనలేం. అదే వివృత వాక్యం. 7 అనేది దానికి సాధన. సాధన దొరికినంత మాత్రాన వాక్యం సత్యం అయిపోదు.

పుస్తకాల్లో ఎక్స్, వై అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వాటి చోట ఇక్కడ క, గ అని రాస్తున్నాం. అలా విలువ మారగల అక్షరాన్ని మరాఠీ పుస్తకం "చల" అంటుంది, ఒడియా పుస్తకం "చళరాశి" అంటుంది, తెలుగులో "చరరాశి". పెళ్లయి ఆంధ్ర వైపు నుంచో తెలంగాణ వైపు నుంచో వచ్చిన తల్లులు కొందరు పాత పదో తరగతి గణితంలో "ప్రవచనాలు" అన్న పాఠం చదివే ఉంటారు. అక్కడ సత్య విలువ అన్నది సత్యమా, అసత్యమా అన్న ఈ తీర్పునే.

ముందు అది వాక్యమేనా?

మూడు పేర్లలో ఏదో ఒకటి తగిలించే ముందు చూడాల్సింది ఇది. 18 + 7 వాక్యం కాదు. అది ఒక సంఖ్యను చెబుతోంది తప్ప, ఆ సంఖ్య గురించి ఏమీ చెప్పడం లేదు. దీన్ని సమాసం అంటాం. 18 + 7 = 25 వాక్యం. 18 + 7 < 30 కూడా వాక్యమే. వాక్యం కావాలంటే ఎడమ పక్షానికీ కుడి పక్షానికీ ఉన్న సంబంధాన్ని చెప్పే గుర్తు ఉండాలి: =, ≠, <, >, ≤, ≥ వీటిలో ఒకటి.

పిల్లలు ఎక్కువగా జారిపడేది 3క + 2 లాంటి చోట. అక్షరం కనిపించింది కదా అని వివృతం అని రాసేస్తారు. సంబంధం గుర్తు లేదు కాబట్టి అది వివృత వాక్యం కాదు, అసలు వాక్యమే కాదు. "12కు 9 కలిపితే ఎంత?" అన్నది ప్రశ్న, "12కు 9 కలపండి" అన్నది ఆదేశం. ఇవీ లెక్కలోకి రావు. 5 ÷ 0 = 0 అన్నదాన్నీ పక్కన పెట్టాలి. సున్నాతో భాగించడానికి అర్థమే లేదు కాబట్టి ఎడమ పక్షానికి విలువ లేదు, పోల్చడానికి ఏమీ లేదు.

సమానం గుర్తు దగ్గరే అసలు చిక్కు

ఒకటో తరగతి నుంచి పిల్లలు చూసేది 3 + 4 = ___ అన్న రూపమే. అందుకని వాళ్లకు సమానం గుర్తు "జవాబు ఇక్కడ రాయాలి" అని చెప్పే బాణంలా అలవాటైపోతుంది. ఈ అలవాటు ఉన్నంతకాలం సత్యం, అసత్యం నిర్ణయించడం కుదరదు. 8 + 4 = □ + 5 ఇచ్చి చూడండి. చాలామంది డబ్బాలో 12 రాస్తారు, కొందరు అన్నీ కలిపేసి 17 రాస్తారు. రావాల్సింది 7. ఇది సరిహద్దు జిల్లాల పిల్లల సమస్యో, మీడియం సమస్యో అనుకోవద్దు. ఇదే ప్రశ్నతో అమెరికాలో చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో 145 మంది ఆరో తరగతి పిల్లలూ 12 గానీ 17 గానీ చెప్పారు. ఒక్కరూ 7 అనలేదు.

ఈ గుర్తును 1557లో మొదటిసారి అచ్చులో వాడిన రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర గీతలను ఎంచుకున్నది, వాటికంటే సమానమైనవి మరేవీ ఉండవన్న ఆలోచనతోనే. గీతలకు ఎడమ, కుడి తేడా లేదు. కాబట్టి 12 = 5 + 7 తిరగేసి రాసిన తప్పు లెక్క కాదు, నిఖార్సైన సత్య వాక్యం. 12 = 12 కూడా సత్యమే. 13 − 5 = 9 − 1 కూడా సత్యమే, రెండు పక్కలా 8 ఉంది.

ఇంట్లో దీనికి చక్కటి మందు ఉంది: వాక్యాన్ని తెలుగులో చదివించడం. "ఏడూ ఐదూ కలిపితే పన్నెండు వస్తుంది" అని చదివితే పాత అలవాటే బలపడుతుంది. "ఏడూ ఐదూ కలిపిన మొత్తమూ, పన్నెండూ సమానం" అని చదివించండి. మన భాషలో రెండు పక్షాలనూ ముందు చెప్పేసి, సంబంధాన్ని చివర చెప్పవచ్చు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి రెండు పక్షాలూ పిల్ల మనసులో నిలబడి ఉంటాయి. నోటితో అలా పలికాక కాగితం మీద ఎడమ పక్షం కింద దాని విలువ, కుడి పక్షం కింద దాని విలువ విడివిడిగా రాయమనాలి. ఒక పక్షం లెక్క ముగిసేదాకా రెండో పక్షం వైపు చూడకూడదు. ఈ ఒక్క క్రమశిక్షణతో సగం తప్పులు పోతాయి.

బడిలో మాస్టార్లు సైతం చూసీచూడనట్టు వదిలేసే తప్పు ఇంకొకటి ఉంది: 15 + 6 = 21 × 2 = 42 − 2 = 40. పిల్ల మనసులో లెక్క సరిగానే నడిచింది. రాసిన వాక్యం మాత్రం 15 + 6 అంటే 40 అంటోంది, అది అసత్యం. ఒక్కో అడుగును ఒక్కో వరుసలో రాయించాలి. దీన్ని ఇప్పుడు దిద్దకపోతే ఎనిమిదో తరగతిలో సమీకరణాలు సాధించేటప్పుడు ఏ వరుసకు ఏది సమానమో తేల్చుకోలేక తికమకపడతారు.

ఖాళీ ఎక్కడుంది?

వాక్యమే అని తేలాక వెతకాల్సింది తేలని చోటు. అది డబ్బాగా ఉండొచ్చు, గీతగా ఉండొచ్చు, అక్షరంగా ఉండొచ్చు. మాటల్లో రాసిన వాక్యంలో "ఆ సంఖ్య", "ఆ జిల్లా" అన్న రూపంలోనూ ఉండొచ్చు. "గడ్చిరోలి జిల్లా 1982లో ఏర్పడింది" అన్నది సత్య వాక్యం. "ఆ జిల్లా 1992 అక్టోబరు 2న ఏర్పడింది" అన్నది వివృతం. ఆ ఖాళీలో గజపతి పెడితే సత్యం, రాయగడ పెడితే సత్యం, మల్కనగిరి పెట్టినా సత్యమే. గడ్చిరోలి పెడితే అసత్యం. పిల్లలు ఇక్కడే రెండు సంగతులు పట్టుకోగలుగుతారు. ఒక వివృత వాక్యానికి ఒకటికంటే ఎక్కువ సాధనలు ఉండొచ్చు. ఖాళీలో ఏవేవి పెట్టవచ్చో ముందే ఒప్పందం ఉండాలి, జిల్లా పేరు పెట్టాల్సిన చోట 7 పెడితే కుదరదు.

సంఖ్యల్లోనూ ఆ ఒప్పందం కావాలి. క < 5 అన్నదానికి సహజ సంఖ్యల్లో సాధనలు నాలుగు: 1, 2, 3, 4. పూర్ణాంకాల్లో అయితే 0 కూడా చేరి ఐదవుతాయి. రుణ సంఖ్యలూ ఉన్న పూర్ణసంఖ్యల్లో అయితే వాటికి అంతే లేదు. 2క = 7కు సహజ సంఖ్యల్లో సాధన ఒక్కటీ లేదు, భిన్నాలను ఒప్పుకుంటే 7/2 ఉంది. సాధన లేనంత మాత్రాన అది అసత్య వాక్యం అయిపోదు. క స్థానం తెరిచే ఉంది కాబట్టి దాని రూపం వివృతమే.

అక్షరం కనబడినంత మాత్రాన చరరాశి అనుకోకూడదు. 5 మీ. = 500 సెం.మీ.లో "మీ" కొలమానం, దానికి విలువలు మారవు. ఆ వాక్యం సత్యం. π కూడా చరరాశి కాదు, దానికి ఒకే ఒక్క స్థిరమైన విలువ ఉంది. కాబట్టి π = 22/7 తేలిపోయిన వాక్యం, పైగా అసత్యం. π విలువ 3.14159తో మొదలవుతుంది, 22/7 విలువ 3.142857తో మొదలవుతుంది. లెక్కలు చేసేటప్పుడు 22/7 వాడేది దగ్గరి విలువగానే. π < 22/7 అంటే సత్యం.

దీనికి ఎదురు రకం మరీ మోసకారి. అక్షరం గానీ డబ్బా గానీ కనబడదు, అయినా వాక్యం వివృతం. "2 బస్తాల ధాన్యం = 150 కిలోలు" అన్నదాన్ని చూడండి. బస్తా 75 కిలోలైతే సత్యం, 40 కిలోల సంచీ అయితే అసత్యం. బస్తా ఎంతో వాక్యం చెప్పలేదు. "2 క్వింటాళ్లు = 200 కిలోలు" అంటే ఇక ఖాళీ లేదు, మన దేశంలో క్వింటాలు ఎక్కడైనా 100 కిలోలే. సరిహద్దుకు అటూ ఇటూ సంతలు తిరిగే ఇళ్లలో ఈ ఉదాహరణ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

అందరికీ ఒకటే తీర్పా?

ఇంకా అనుమానం ఉంటే ఒక పరీక్ష. సిరోంచలో ఒకరు, గుణుపురంలో ఒకరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే వాక్యాన్ని తప్పు లేకుండా సరిచూశారనుకోండి. ఇద్దరి తీర్పూ ఒకటే అయి తీరాలా? 7 × 8 = 54 అయితే ఇద్దరూ అసత్యం అనక తప్పదు. క + 5 = 12 అయితే ఒకరు 7, మరొకరు 10 పెట్టుకుని వేర్వేరు తీర్పులు ఇవ్వవచ్చు.

ఈ పరీక్ష ఒక్కచోట తడబడుతుంది. క + 3 = 3 + కలో ఎవరు ఏ సంఖ్య పెట్టినా సత్యమే. క = క + 1లో ఎవరు ఏది పెట్టినా అసత్యమే. మరి వీటిని ఏమనాలి? బడి పుస్తకాల వర్గీకరణ రూపాన్ని బట్టి ఉంటుంది. విలువ చెప్పని అక్షరం ఉంది కాబట్టి రెండూ వివృతాలే. మొదటి రకాన్ని పై తరగతుల్లో సర్వసమీకరణం అంటారు. పిల్లతో "వివృతం, ఏ విలువకైనా సత్యం" అని పూర్తిగా రాయిస్తే మంచిది. ఒక్క ముక్క రాసి వదిలేస్తే అర్థమైందో లేదో దిద్దేవాళ్లకూ తెలియదు.

అక్షరం ఉన్నా వాక్యాన్ని మూసేసే మాటలు రెండున్నాయి: "ప్రతి", "ఏదో ఒక". ఈ మూడు వాక్యాలనూ పక్కపక్కన రాసి చూపించండి. "ఆ సంఖ్యకు 5 కలిపితే 12" వివృతం. "ఏదో ఒక సంఖ్యకు 5 కలిపితే 12" సత్యం, 7 ఉంది కదా. "ప్రతి సంఖ్యకూ 5 కలిపితే 12" అసత్యం, 8 ఒక్కటి చాలు దాన్ని పడగొట్టడానికి. లెక్క ఒకటే, మాట మారగానే తీర్పు మారింది. "ఒక సంఖ్యకు 5 కలిపితే 12 వస్తుంది" అని బడి లెక్కల్లో ఇస్తే మాత్రం "ఆ సంఖ్య ఏది" అని అడగబోతున్నారని అర్థం, కాబట్టి క + 5 = 12 అని వివృతంగానే రాసుకోవాలి.

తెలియకపోవడానికీ తేలకపోవడానికీ ఉన్న తేడాను గట్టిగా నాటే వాక్యం ఒకటుంది. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయవచ్చు. 10 = 3 + 7, 28 = 5 + 23. గణితవేత్త గోల్డ్‌బాక్ 1742లో మరో గణితవేత్త ఆయిలర్‌కు రాసిన లేఖ నుంచి పుట్టిన ఈ ఊహను ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు, ఎవరూ తప్పని చూపలేదు. ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అయినా అది వివృత వాక్యం కాదు. "ప్రతి" అన్న మాట ఖాళీని మూసేసింది. అది సత్యమో అసత్యమో ఏదో ఒకటి అయి ఉంది, మనకు అందలేదు, అంతే. ఆరో తరగతి పిల్లకు ఈ సంగతి చెబితే అర్థం కాదని వెనకాడొద్దు. 4 నుంచి 30 దాకా సరి సంఖ్యలను తనే విడగొట్టి చూస్తుంది, ప్రధాన సంఖ్యలూ వాటంతటవే వల్లెకొస్తాయి.

తేలిన వాక్యాల్లో తీర్పు తప్పే చోట్లు

ఖాళీ లేదని తేలాక మిగిలేది లెక్క. 6 + 4 × 2 = 20 అన్నది ఎడమ నుంచి కుడికి గుడ్డిగా చేస్తే సత్యంలా కనిపిస్తుంది. గుణకారం ముందు చేయాలి కాబట్టి ఎడమ పక్షం 14, వాక్యం అసత్యం. 0.9 > 0.12 సత్యం. 12 పెద్దది కదా అని పిల్లలు తిప్పి చెబుతారు, 0.9ను 0.90గా రాయిస్తే సరిపోతుంది. −8 > −3 అసత్యం, సంఖ్యారేఖ మీద −8 ఇంకా ఎడమన ఉంది. 1/3 + 1/4 = 2/7 అసత్యం, సరైన మొత్తం 7/12. ఇక్కడ ఒక చిన్న సూచన: 2/7 అనేది 1/3 కంటే చిన్నది. కలిపితే తగ్గడమేమిటని అడగండి, తప్పు పిల్లకే దొరుకుతుంది.

5 ≤ 5 దగ్గర పెద్దవాళ్లు కూడా ఆగిపోతారు. "తక్కువ గానీ సమానం గానీ" అన్నదానిలో ఒక్కటి నిజమైనా చాలు, కాబట్టి సత్యం. 3 ≤ 5 కూడా సత్యమే. 7 ≠ 9 సత్యం. గీత కొట్టిన గుర్తు కనబడగానే "తప్పు" అని రాసే అలవాటు కొందరికి ఉంటుంది.

ఇంకో అలవాటు: 9 × 7 = 64 కనబడగానే 64 కొట్టేసి 63 రాయడం. అడిగింది దిద్దమని కాదు. అసత్య వాక్యం కూడా బాగా నిర్మించిన వాక్యమే, దాని తీర్పు "అసత్యం", అంతే. దిద్దితే ప్రశ్నే మారిపోతుంది.

మరాఠీ మీడియం ప్రాథమిక పుస్తకాల్లో దేవనాగరి అంకెలు ఉంటాయి. దేవనాగరి ఒకటి అంకె అలవాటు లేని కంటికి 9లా కనిపిస్తుంది. పిల్ల రాసిన 1 + 1 = 2ను తండ్రి 9 + 9 = 2 అని చదివి తప్పు పట్టే వీలుంది. కాబట్టి మీకు పరిచయం లేని లిపిలో ఉన్న వాక్యాన్ని ముందు పిల్ల చేత పైకి చదివించుకోండి. ఒడియా అంకెల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఇంట్లో చేయించడానికి

పాత నోటుపుస్తకం కాగితాలను పది చీటీలుగా చింపి ఒక్కోదానిపై ఒక్కో వాక్యం రాయండి. నేల మీద నాలుగు కుప్పలు పెట్టమనండి: సత్యం, అసత్యం, వివృతం, వాక్యం కానిది. నాలుగో కుప్ప తప్పనిసరి. అది లేకపోతే వాక్యం కానివన్నీ వివృతంలోకి చేరిపోతాయి. పావుగంట చాలు. చీటీ వేసిన ప్రతిసారీ కారణం చెప్పించాలి. "వివృతం" అని వేస్తే ఖాళీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. వేలు పెట్టలేకపోతే అది వివృతం కాదు.

కుప్పలు పూర్తయ్యాక వివృతం చీటీలు మాత్రం తీసి, ప్రతిదాన్నీ ఒకసారి సత్యంగా, ఒకసారి అసత్యంగా మార్చమనండి. 100 ÷ □ = 25లో 4 పెడితే సత్యం, 5 పెడితే అసత్యం. తర్వాత తిరగేసి చేయించండి. 14 − 6 = 8లో ఒక్క సంఖ్యను చెరిపి డబ్బా పెడితే □ − 6 = 8, వివృతం తయారు. చెరిపేది సమానం గుర్తునైతే ఏమవుతుందో కూడా అడగండి. ఒకే వాక్యంలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండు చోట్లా ఒకే సంఖ్య పెట్టాలి. క + క = 10కి సాధన 5 ఒక్కటే. క + గ = 10 అయితే 1, 9 పెట్టొచ్చు, 4, 6 పెట్టొచ్చు, 5, 5 కూడా పెట్టొచ్చు. వేర్వేరు అక్షరాలు వేర్వేరు సంఖ్యలే కావాలన్న నియమం లేదు.

మొదటి రోజుకు ఈ పది సరిపోతాయి: 20 = 4 × 5; 7 × 8 = 54; 5 + 2గ; 100 ÷ □ = 25; 3/4 > 5/8; 50 − 8 × 5 = 210; గ + గ = 2గ; ఆ సంవత్సరంలో 366 రోజులున్నాయి; 2000 సంవత్సరంలో 366 రోజులున్నాయి; 1900 సంవత్సరంలో 366 రోజులున్నాయి.

జవాబులు ఇవి. 20 = 4 × 5 సత్యం. 7 × 8 = 54 అసత్యం, 56 కావాలి. 5 + 2గ వాక్యం కాదు. 100 ÷ □ = 25 వివృతం. 3/4 అంటే 6/8 కాబట్టి 3/4 > 5/8 సత్యం. 50 − 8 × 5లో గుణకారం ముందు చేస్తే 10 వస్తుంది, కాబట్టి 210 అన్న వాక్యం అసత్యం. గ + గ = 2గ వివృతం, ఏ విలువకైనా సత్యం. "ఆ సంవత్సరం" అన్నది వివృతం, 2024 పెడితే సత్యం, 2023 పెడితే అసత్యం. 2000 సంవత్సరం వాక్యం సత్యం. 1900 వాక్యాన్ని చాలామంది పిల్లలు 4తో భాగించి, శేషం లేదు కదా అని సత్యం కుప్పలో వేస్తారు, నియమం గుర్తురాని వాళ్లు వివృతం అంటారు. రెండు సున్నాలతో ముగిసే సంవత్సరం 400తో నిశ్శేషంగా భాగింపబడితేనే లీపు సంవత్సరం. 1900ను 400తో భాగిస్తే 300 మిగులుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరికి 28 రోజులే, వాక్యం అసత్యం.